మూడు గుక్కల సమీక్ష

బుధవారం సాయంత్రం కొరడా ఆ పుస్తకాన్ని చంపేసింది. గురువారం పొద్దున్నకల్లా అది లేచి కూర్చుంది.

కొరడా అంటే పుస్తకాల పేజీ రాసే ఆవిడ. అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ పత్రికాఫీసులో అది ఎవరి నోటా వినపడదు. ఆదివారం అనుబంధంలో ఆమె రాసే సమీక్షల కింద 'కొరడా' అని ఉంటుంది, అంతే. నవలలు, కథలు, ఆత్మకథలు, యాత్రలు, జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే పుస్తకాలు, ఏదొచ్చినా ఆమె బల్ల మీదికి రావలసిందే. ఈ వారం ఎవరి వీపు చిట్లిందో చూద్దామని పాఠకులు టీ చల్లారకముందే ఆ పేజీ తిప్పుతారు. పుస్తకాల కొట్లవాళ్ళు వాళ్ళకంటే ముందే తిప్పుతారు. కొరడా మెచ్చుకున్న పుస్తకం కొట్లో అందరి కంటా పడేచోటికి వస్తుంది. తిట్టిన పుస్తకం కట్ట విప్పకుండానే ప్రచురణకర్త ఇంటికి తిరుగు ప్రయాణం కడుతుంది.

ఆమెకో పద్ధతి ఉంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు మూడు గుక్కలు. మొదటి గుక్కలో మొదటి అధ్యాయం. రెండో గుక్కలో పుస్తకాన్ని సరిగ్గా నడిమికి విప్పితే ఏ అధ్యాయం పడితే అది. మూడో గుక్కలో చివరి అధ్యాయం. మొదలు చూస్తే రచయిత చెయ్యి తెలుస్తుంది, నడుమ చూస్తే ఓపిక తెలుస్తుంది, చివర చూస్తే నిజాయితీ తెలుస్తుంది అనేది ఆమె సిద్ధాంతం. ప్రతివారం గుట్టలుగా వచ్చిపడే పుస్తకాలన్నీ అట్ట నుంచి అట్టకి చదవాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. ఇన్నేళ్ళలో ఆ పద్ధతి ఆమెని ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు. చేసి ఉంటే ఆమెకి తెలియలేదు.

ఈ వారం బలి 'తాడు' అనే నవల. తొలి పుస్తకం. రాసినావిడ ఏదో బడిలో పిల్లలకి ఆటలు నేర్పే టీచరని వెనక అట్ట మీద ఉంది. రేవులో ఆగిన ఓడల కిందికి మునిగి, అడుగుకి పట్టిన గుల్లల్ని గీకే గజ ఈతగాడి కథ. కొరడా మూడు గుక్కల్లో తాగేసి, మూతి తుడుచుకుని, ఇలా రాసింది:

'మొదటి అధ్యాయంలో వాక్యం ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది గానీ ఎక్కడ ముగుస్తుందో కనిపించదు. చివరి అధ్యాయంలో రెండు మాటలు రాసేసరికి వాక్యం చచ్చిపోతుంది. రచయిత్రికి మొదట్లో ఆపడం రాదు, చివర్లో నడపడం రాదు. గజ ఈతగాడు పుస్తకమంతా తన గొప్పలు తానే చెప్పుకుంటాడు. ఉన్నట్టుండి ఎక్కడినుంచో ఓ ముసలాయన ఊడిపడతాడు. ఆయన మంచం మీద పడుకుని ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉంటే మనం పేజీలు తిప్పుతూ ఉండాలి. ఈ తాడు దేన్నీ లాగదు, పాఠకుడి మెడని తప్ప.'

చివరి వాక్యం రాశాక ఆమె తనలో తను నవ్వుకుంది కూడా. సమీక్షని ఆఫీసుకి పంపేసి హాయిగా నిద్రపోయింది.

పొద్దున్న లేచేసరికి ఇంట్లో యుద్ధం. అత్తగారికి కంటికి ఆపరేషన్ అయింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చదవకూడదు, టీవీ చూడకూడదు, వంగకూడదు అని డాక్టరు చెప్పినవన్నీ తలచుకుని మండిపడుతూ, వరండా కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడకి డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. హంతకుడెవడో మూడో అధ్యాయంలోనే కనిపెట్టేస్తుంది. కనిపెట్టి ఊరుకోదు, ఇంట్లో అందరికీ చెప్పేస్తుంది. ఆ ఇంట్లో ఆవిడ చదివేసిన నవల ఇంకెవరూ ముట్టుకోరు.

"నీ మొగుడు నిన్న ఓ గంట చదివి పెట్టాడే అమ్మాయ్," అంది అత్తగారు. "శవం దొరికిన చోట కూడా కరెంటు బిల్లు చదివినట్టే చదివాడు. నా కడుపున ఎలా పుట్టాడో! ఇవాళ నువ్వు చదువు."

"నాకు ఆఫీసుంది అత్తయ్యా."

"పుస్తకాలు చదివే ఉద్యోగమేగా? ఇక్కడ చదివితే జీతం ఇవ్వరా?"

కొరడా దారికొచ్చింది. లోపలికి వెళ్ళి చూస్తే డిటెక్టివ్ నవలలన్నీ అయిపోయాయి. భోజనాల బల్ల మీద ఒక్క 'తాడు' ఉంది, కాఫీ గ్లాసు కింద.

"ఇది బాగోదు అత్తయ్యా. ముందే చెప్తున్నా."

"శవం ఉందా?"

"లేదు. ఈత ఉంది."

"సరే, ఎవడో ఒకడు మునక్కపోడు. చదువు."

కొరడా గోడకానుకుని కూర్చుని, రాగం లేకుండా, గబగబా మొదలెట్టింది. ఎంత తొందరగా చదివితే అంత తొందరగా అత్తగారికి కునుకు పడుతుందని ఆమె లెక్క.

'తాడు చేతిలోంచి జారుతూ పోతుంటే ముందు పైన మనుషుల అరుపులు పోయాయి, తర్వాత వెలుతురు పోయింది, తర్వాత పచ్చదనం పోయి మిగిలింది ఒక్క చలే, ఆ చలిలో ఓడ అడుగు అరచేతికి గరుగ్గా తగిలింది, ఒక్కొక్క గుల్లా ఊడి కిందికి రాలుతుంటే అంత ఓడా వీపు గోకించుకునే గేదెలా మెల్లగా కదిలింది, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుంటే గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంది, కళ్ళ ముందు చుక్కలు లేచాయి, ఇక కాదు అనుకున్న చోట తాడు ఒక్కసారి బిగిసింది, పైకి.'

ఆమె ఆగింది. ఆగడమేంటి, ఊపిరి అయిపోయింది. సరిగ్గా 'పైకి' దగ్గర అయిపోయింది. నోరు తెరిచి, మునిగి లేచిన మనిషిలా గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఏంటే, ఆయాసమా?" అంది అత్తగారు.

"ఏం లేదు."

రెండో వాక్యం మొదలెట్టింది. అది కూడా పేజీ పొడుగునా దిగుతూ పోయింది. ఓడ కిందికి, ఇంజను చక్రం దగ్గరికి, బురద దాకా. మళ్ళీ గుండె గట్టిగా కొట్టుకునే వేళకి మళ్ళీ తాడు బిగిసింది. మళ్ళీ సరిగ్గా అక్కడే ఆమె ఊపిరి అయిపోయింది. మూడో వాక్యమూ అంతే. నాలుగోదీ అంతే.

ఆమె పేజీ వెనక్కి తిప్పి మొదటి వాక్యం మళ్ళీ చూసింది. నిన్న ఇదే పేజీని కళ్ళతో తుడిచేసింది. కళ్ళకి ఊపిరి అక్కర్లేదు. అందుకే అవి ఈ వాక్యాలు మరీ పొడుగని చెప్పాయి. నోటితో చదివితే తెలిసింది, ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క మునక. ఎక్కడ మునగాలో, ఎంతసేపు ఉండాలో, ఎక్కడ తేలాలో ఎవరో కొలిచి మరీ కట్టారు.

"ఆగావేం?" అంది అత్తగారు. ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. కునుకు జాడ లేదు.

రెండో అధ్యాయం. కొరడా ఎప్పుడూ చదవని అధ్యాయం, ఏ పుస్తకంలోనూ.

'నాకు ఈత రాదు, మోకాలిలోతు నీళ్ళన్నా భయమే, ఆయన కిందికి వెళ్ళినంతసేపూ పడవలో కూర్చుని నేను చేసే పని ఒక్కటే, తాడు పట్టుకుని ఊపిరి బిగబట్టడం, ఆయన తేలాక ఇద్దరం కలిసి వదలడం.'

కొరడా ఆ వాక్యం మళ్ళీ చదివింది.

చెప్పేది గజ ఈతగాడు కాదు, అతని పెళ్ళాం. నీళ్ళ కింద ఏముందో ఆవిడ కళ్ళతో ఎన్నడూ చూడలేదు. చేతిలో తాడు కదలికని బట్టి, రాత్రిళ్ళు అతను చెప్పిన ముక్కల్ని బట్టి ఊహించుకుంటూ పడవలో కూర్చుంది. మొదటి వాక్యంలోనే ఉంది కదా, తాడు చేతిలోంచి జారుతూ పోయిందని! మునిగేవాడికి తాడు నడుముకి ఉంటుంది. చేతిలోంచి జారేది పైన పట్టుకున్న మనిషికి. చిన్నపిల్లలకైనా తట్టే సంగతి.

మరి చివరి అధ్యాయంలో మంచం మీద ముసలాయన? ఎక్కడినుంచో ఊడిపడలేదు. పుస్తకమంతా మునిగి తేలింది ఆయనే.

'గజ ఈతగాడు పుస్తకమంతా తన గొప్పలు తానే చెప్పుకుంటాడు.' ఆ వాక్యం ఇప్పుడు ఆఫీసులో, పేజీ మీద, ఎర్రగీత కింద, 'కొరడా' సంతకంతో కూర్చుని ఉంది. అనుబంధం ఆదివారానిదే అయినా పేజీలు గురువారం మధ్యాహ్నమే అచ్చుకి వెళ్ళిపోతాయి.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎడిటర్‌కి ఫోన్ చేసింది. ఆయన పెద్దమనిషి. రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు. రక్తపోటు ఉంది, పుస్తకాల పేజీ వల్లే వచ్చిందని చెప్పుకుంటాడు.

"కొరడా గారూ! అదరగొట్టారు. పాఠకుడి మెడని తప్ప! పొద్దున్నించీ డెస్కులో అందరికీ చదివి వినిపిస్తున్నా."

"అది ఆపండి సార్."

"వినిపించడమా?"

"వెయ్యడం. సమీక్ష వెనక్కి తీసుకుంటున్నా. తప్పు రాశాను."

అవతల కుర్చీ కిర్రుమంది. "ఏం తప్పు?"

ఆమె చెప్పింది. పద్ధతి సంగతి మింగేసి, కథ చెప్పేది భార్య అని మాత్రం చెప్పింది.

"ఓస్, అంతేనా!" అన్నాడు ఎడిటర్, ఊపిరి పీల్చుకుని. "దానికింత కంగారెందుకు? ఈతగాడి చోట పెళ్ళాం అని పెడతా. ముసలాయన వాక్యం కొట్టేస్తా. మిగతా వాతలన్నీ అలాగే ఉంటాయి. ఎవరికీ అనుమానం రాదు. పేజీ ఒంటిగంటకి పోవాలి, నాకు బీపీ తెప్పించకండి."

నిజమే. రెండు మాటలు మారిస్తే ఎవరికీ అనుమానం రాదు. కొరడా పరువు కొరడాకి ఉంటుంది. ఆ టీచరమ్మ పుస్తకాలు కట్ట విప్పకుండానే ఆవిడ ఇంటికి చేరతాయి. ఏ వారమైనా జరిగేదే అది.

"వస్తున్నా సార్," అంది ఆమె. ఎందుకు వస్తోందో ఆమెకే తెలియదు. సరేనని చెప్పడానికి నోరు రాలేదు, వద్దని చెప్పడానికి ధైర్యం చాలలేదు.

చెప్పుల్లో కాళ్ళు పెట్టేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది, నల్లకళ్ళద్దాలతో, చేతిసంచితో.

"మీరెక్కడికి?"

"పడవలో ఆ పిల్ల తాడు పట్టుకుని కూర్చుని ఉంటే నువ్వు పుస్తకం చంకలో పెట్టుకుని పోతావా? దారిలో చదువు."

"అత్తయ్యా, డాక్టరు కదలొద్దన్నాడు."

"కంటిని కదపొద్దన్నాడు. కాళ్ళ సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు."

ట్యాక్సీ ఎక్కారు. కొరడా వెనక సీట్లో కూర్చుని చదువుతూనే ఉంది. మూడో అధ్యాయం, నాలుగో అధ్యాయం. వాక్యాలు పిసరు పిసరు కురచవుతున్నాయి. మునిగేవాడికి వయసొస్తోంది. అలా అని పుస్తకంలో ఎక్కడా రాయలేదు. చదివే మనిషికి ఊపిరి ఇంకా మిగిలి ఉండగానే తాడు బిగుస్తోంది, అంతే. ఆ మిగిలిన కాస్త ఊపిరి గుండెల్లో బరువుగా ఉండిపోతోంది.

"నాకు తెలిసిపోయింది," అంది అత్తగారు. "పడవ నడిపేవాడు ఉన్నాడే, వాడికి ఈ పిల్ల మీద కన్ను. ఓ రోజు తాడు కోస్తాడు. రాసిపెట్టుకో."

"అలాంటి కథ కాదు అత్తయ్యా."

"అన్నీ అలాంటి కథలే. మొదట్లో ఎవరూ ఒప్పుకోరు."

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. "వాడు మొన్న మంచినీళ్ళు ఇచ్చాడు కదండీ ఆవిడకి. మంచోడిలాగే ఉన్నాడు."

"నువ్వు రోడ్డు చూడు నాయనా," అంది అత్తగారు. "నీళ్ళిచ్చినవాణ్ణే ముందు అనుమానించాలి."

నడిమి అధ్యాయం వచ్చింది. నిన్న రెండో గుక్కలో తాగింది ఇదే. పెద్ద ఓడ, చెడ్డ వాతావరణం, ఎంతకీ పైకి రాని ఈతగాడు. ఈతగాడి సొంత డబ్బా అని పక్కన పెన్సిల్ గుర్తు పెట్టి, మిగతా పేజీలు దాటేసింది కూడా. ఇప్పుడు ఆ గుర్తు మీద వేలు పెట్టుకుని మొదలెట్టింది.

తాడు జారింది. వాక్యం దిగింది. గుల్లలు, చలి, చీకటి. గుండె చెవుల్లోకి వచ్చింది, చుక్కలు లేచాయి. తాడు బిగియలేదు. వాక్యం ఇంకా దిగుతోంది. కొరడా గొంతు సన్నబడింది. ముఖం ఎర్రబడింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. తాడు వదులుగా ఊగుతోంది, ఇంకో పడవలో వాళ్ళు లేచి నిలబడ్డారు, తాడు వదులుగానే ఉంది, ఎవరో దేవుణ్ణి పిలిచారు, తాడు వదులుగానే ఉంది.

ఆమె ఇక ఉండలేకపోయింది. వాక్యం నడుమ, మాట నడుమ, పెద్ద చప్పుడుతో గాలి పీల్చింది.

అత్తగారు ఆమె చేతి మీద ఫట్టుమని కొట్టింది. "ఊపిరి తీసుకున్నావేంటే! ఆయన ఇంకా కిందే ఉన్నాడు!"

కొరడా కళ్ళు తర్వాతి ముక్క మీద పడ్డాయి. ఒకసారి అత్తగారి వైపు చూసింది. తర్వాత చదివింది.

'నేను ఊపిరి తీసేసుకున్నాను, ఆయన ఇంకా కిందే ఉన్నాడు.'

ట్యాక్సీ మెల్లగా రోడ్డు పక్కకి వచ్చి ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. ఎవరూ కదల్లేదు.

కొరడా పుస్తకం తిప్పి వెనక అట్ట చూసింది. ఎక్కడో ఓ ఊళ్ళో, పిల్లల చేత పరుగులు తీయించే ఓ టీచరు, తనని ఎన్నడూ చూడని మనిషి, తన ఊపిరితిత్తులు ఎక్కడ ఓడిపోతాయో ముందే కనిపెట్టి, ఆ చోట కూర్చుని ఎదురుచూసింది. ఇన్నేళ్ళుగా ఇన్ని పుస్తకాలు ఈ చేతుల మీదుగా పోయాయి. ఒక పుస్తకం మనిషిని ఇలా లోపలి నుంచి పట్టుకోగలదని ఆమెకి తెలియదు. లేక, పట్టుకునే చోటు ఎప్పుడూ తను దాటేసిన పేజీల్లోనే ఉండిపోయిందా? అలాంటివి ఎన్నింటిని వెనక్కి పంపింది? ఆ ఆలోచన దగ్గర ఆమె ఎక్కువసేపు నిలబడలేకపోయింది.

"తర్వాతేమైందండీ?" అన్నాడు డ్రైవరు. "తేలాడా?"

తేలాడు. తాడు చుట్టుకుపోతే విప్పుకుని తేలాడు. పడవలోకి లాగాక నవ్వుతూ అన్నాడు, నువ్వు పైన ఊపిరి పట్టావనే నేను కింద పట్టగలిగాను అని. ఆవిడ తల ఊపింది. తను ముందే వదిలేశానని ఆ రోజు చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు.

"అయ్యో పిచ్చితల్లీ," అంది అత్తగారు, కళ్ళద్దాల కింద వేలు పెట్టబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి ఆగి. "తాడు కోసినవాడు లేడు. నేననుకున్నది తప్పే." ఆవిడ ఏ పుస్తకం గురించైనా ఆ మాట అనడం కొరడా ఎన్నడూ వినలేదు.

ఆఫీసులో ఎడిటర్ పేజీ ముందు నిలబడి ఉన్నాడు. తెర మీద సమీక్ష మెరుస్తోంది. పేజీలు పెట్టే అమ్మాయి మౌస్ మీద చెయ్యి వేసుకుని ఎదురుచూస్తోంది. నల్లకళ్ళద్దాల అత్తగారు దర్జాగా వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చునేసరికి, పైనుంచి ఎవరో యజమానురాలు తనిఖీకి వచ్చిందనుకుని ఒకరిద్దరు లేచి నిలబడ్డారు.

"ఇదుగో, పెళ్ళాం అని మార్చేశా," అన్నాడు ఎడిటర్. "చూసుకోండి."

"మొత్తం తీసెయ్యండి సార్."

"తీసేసి?"

"సార్, నేను ఈ పుస్తకం చదవలేదు." అంది కొరడా. "ఏ పుస్తకమూ పూర్తిగా చదవను. మొదలు, నడుమ, చివర. ఇన్నాళ్ళూ అంతే."

ఎడిటర్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"సరే," అన్నాడు. "పొగుడుతూ ఇంకోటి రాసివ్వండి. అర్ధగంటలో. మీకు చెయ్యి తిరిగిన పని."

"ఇంకా సగం మిగిలి ఉంది. చదవకుండా తిట్టడం తప్పయితే చదవకుండా పొగడటం ఒప్పవుతుందా?"

"అమ్మా తల్లీ, నాకు నీతులొద్దు, వాక్యాలు కావాలి! ఇంత బొక్క ఉంది పేజీలో. ఏం పెట్టను? పూలమొక్కల పెంపకమా?"

కొరడా పుస్తకం ఆయన ముందు పెట్టింది. "మొదటి వాక్యం పైకి చదవండి. నడుమ ఊపిరి తీసుకోకూడదు."

"ఇదేం పందెం?"

"చదవండి సార్."

ఎడిటర్ గొంతు సవరించుకున్నాడు. రేడియోలో వార్తలు చదివినట్టు మొదలెట్టాడు. గేదె దగ్గరికి వచ్చేసరికి వార్తలు పోయాయి. చుక్కల దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి తెలియకుండానే బల్ల అంచు పట్టుకుంది. 'పైకి' అన్నాక కళ్ళజోడు తీసి, గాలి పీల్చి, చుట్టూ చూశాడు. తను ఎక్కడున్నాడో ఒక్క క్షణం ఆయనకి అర్థం కాలేదు.

"ఇంకోటి చదవండి సార్," అంది పేజీలు పెట్టే అమ్మాయి, లోగొంతుతో.

ఆయన చదవలేదు. పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి అలాగే ఉంచాడు. "ఏం వేద్దామంటారు?"

"ఈ పేజీనే వేద్దాం. పైన నాలుగు మాటలు నేను రాస్తా."

ప్రచురణకర్త అనుమతి కావాలి కదా. ఫోన్ చేసింది. పేరు చెప్పగానే అవతలాయన గొంతు పీలగా అయిపోయింది. "మేడమ్, మావల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"జరిగింది. మీవల్ల కాదు. నావల్ల. ఆ పుస్తకంలో ఒక పేజీ పత్రికలో వేసుకోవచ్చా?"

అవతల దూరంగా, ఫోన్ పక్కన పెట్టి ఎవరికో చెబుతున్నట్టు, "ఒసేయ్, ఇలా రా, ఇలా రా" అన్న అరుపు వినపడింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఫోన్ అందుకుని, ఎంతో గంభీరంగా, "ఆలోచించి చెప్పమంటారా?" అన్నాడు.

"వద్దు."

"అయితే వేసుకోండి, వేసుకోండి!"

ఆమె నిలబడే రాసింది. 'ఈ వారం సమీక్ష లేదు. నిన్న ఒకటి రాశాను, పుస్తకం చదవకుండా. ఇవాళ చదవడం మొదలెట్టాను, ఇంకా అవలేదు. కింద ఉన్నది పైకి చదవండి, ఒక్క ఊపిరితో. మిగతాది మీరూ నేనూ చదివాక మాట్లాడుకుందాం.'

ఎడిటర్ చదివాడు. మళ్ళీ చదివాడు. "దీని కింద కొరడా అని వెయ్యలేను," అన్నాడు. "కొరడా ఇలా మాట్లాడదు. రేపు జనం కొరడా మాట మళ్ళీ నమ్మరు. మీకు అర్థమవుతోందా? ఆ పేరు ఇవాళ్టితో పోయినట్టే."

ఆమెకి అర్థమవుతోంది. పుస్తకాల కొట్లవాళ్ళు లేచి నిలబడే పేరు. పెద్ద పెద్ద రచయితలు పండగలకీ పబ్బాలకీ శుభాకాంక్షలు పంపే పేరు. ఆ పేరు లేకపోతే ఆమె అంటే ఎవరు?

"నా పేరు వెయ్యండి," అంది.

పేజీలు పెట్టే అమ్మాయి కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, బిక్కమొహం వేసి తలెత్తింది. "సారీ మేడమ్. మీ పేరేంటి?"

అత్తగారు పకపకా నవ్వింది. కోడలి పేరు ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరం పలికి, ఆవిడే రాయించింది. తెర మీద ఆ పేరు కొత్త మనిషిలా నిలబడింది. పేజీ ఒంటిగంటకి వెళ్ళిపోయింది.

బయటికి వస్తే ట్యాక్సీ అక్కడే ఉంది.

"నిన్ను ఉండమనలేదే," అంది ఆమె.

"ఆయన పని మానేశాడా లేదా చెప్పండి," అన్నాడు డ్రైవరు తలుపు తీస్తూ. "అది తెలియకుండా ఇంకో బేరానికి ఎలా పోతాను?"

మానేశాడు. దారి పొడుగునా మానేశాడు, కొంచెం కొంచెంగా. ముందు పెద్ద ఓడలు, తర్వాత చిన్న ఓడలు, తర్వాత పడవలు. ఇంటికి చేరేసరికి వాక్యాలు వేలెడంత అయ్యాయి. తాడు చుట్టచుట్టి మేకుకి తగిలించిన చోట డ్రైవరు ఇంజను ఆపి, ఆ అధ్యాయం అయ్యేదాకా కదల్లేదు. చివరి అధ్యాయం మాత్రం వినలేనని, తనే కొనుక్కుని ఇంటిదానికి చదివి వినిపిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

వరండాలో ఎండ వాలింది. అత్తగారు కుర్చీలో, ఆమె నేల మీద, గోడకానుకుని.

చివరి అధ్యాయం ఆమెకి తెలుసు. బుధవారం ఇవే పేజీలు, ఇవే అక్షరాలు. ఏం జరుగుతుందో తెలిసిన మనిషి భయపడనక్కర్లేదు. అయినా పేజీ తిప్పడానికి ఆమె తొందరపడలేదు.

'పీల్చాడు. వదిలాడు.'

ఆమె చదివి ఆగింది. తర్వాతి వాక్యం ఉంటుందని తెలుసు, కళ్ళకి కనిపిస్తూనే ఉంది. అయినా అది వచ్చేదాకా గుండె ఆగి ఉంది.

'పీల్చాడు. కిటికీ తెరిచాను. వదిలాడు. రేవు వినపడింది. పీల్చాడు.'

పుస్తకం మొదట్లో పేజీ పొడుగు మునిగిన మనిషి ఇప్పుడు ఒక్కొక్క మాటకీ తేలుతున్నాడు. పడవలో కూర్చున్న ఆవిడ ఇప్పుడు మంచం పక్కన కూర్చుంది. చేసే పని మారలేదు. కొరడా మెల్లగా చదువుతోంది. మెల్లగా తప్ప చదవడానికి వీల్లేకుండా రాశారు. వాక్యానికీ వాక్యానికీ మధ్య తెల్లటి ఖాళీలో వరండా, ఎండ, వీధి చప్పుళ్ళు అన్నీ ఆగి నిలబడుతున్నాయి. అత్తగారి చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది. ఆ వేళ్ళు బిగుసుకున్నాయి.

'వదిలాడు. చెప్పాను. ఆ రోజు సంగతి. నేనే ముందని. నవ్వాడు. తెలుసన్నాడు. పీల్చాడు.'

ఆమె ఆగిపోయింది.

"ఊఁ," అంది అత్తగారు. "తర్వాత?"

"అంతే అత్తయ్యా. అయిపోయింది."

"అయిపోవడమేంటి? పీల్చాడు కదా. వదలాలి కదా."

ఆమె పుస్తకం తిప్పి చూపించబోయి, ఆవిడ చదవకూడదని గుర్తొచ్చి, ఒళ్ళోనే ఉంచుకుంది. తెల్ల కాగితం. ఇంకేం లేదు. నిన్న ఇక్కడే ఆమె పుస్తకం మూసి, కాఫీ గ్లాసు పెట్టింది.

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కొంతసేపటికి ఆమెకి తెలిసింది, తను ఊపిరి పట్టుకుని ఉందని. భుజం మీద చెయ్యి కదలని తీరు చూస్తే అత్తగారూ అంతే. ఆ రచయిత్రి ఒక్క మాట మిగుల్చుకుని, దాన్ని కాగితం మీద పెట్టకుండా, చదివేవాళ్ళ గుండెల్లో పెట్టి వెళ్ళిపోయింది. ఈ ఊపిరి వదిలితే ఆయన వెళ్ళిపోతాడు. వదలకపోతే ఎంతసేపు?

ఎదురింట్లో ఎవరో బట్టలు దులిపారు. ఓ సైకిలు గంట మోగింది. ఎండ గడప దాకా వచ్చింది.

చివరికి వరండాలో ఒక పెద్ద నిట్టూర్పు వినపడింది. వెంటనే రెండోది. ముందు వదిలింది ఎవరన్నది మాత్రం ఆ అత్తాకోడళ్ళు ఇప్పటిదాకా ఒకరికొకరు ఒప్పుకోలేదు.